అరవై ఒకటో పేజీ నుంచి

అరవయ్యో పేజీ దాకా పుస్తకం బుద్ధిగానే ఉంది. అరవై ఒకటి నుంచి దానికి పిచ్చెక్కింది.

అది కాన్పులు చేసే నర్సుల కోసం చేతిపుస్తకం. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన హెడ్ నర్సు రాసింది. ఏ మందు ఎంత ఇవ్వాలో పైన ఉంటుంది. ఎవరికి ఇవ్వకూడదో అదే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో హెచ్చరికగా రావాలి. ఆ హెచ్చరికలన్నీ ఇప్పుడు తర్వాతి పేజీలోకి జారిపోతున్నాయి.

"చేతిలో ప్రాణం పెట్టుకుని పేజీ ఎవరు తిప్పుతారమ్మా?" అంది హెడ్ నర్సు, ప్రూఫులు బల్ల మీద పెడుతూ. "సోమవారం శిక్షణ మొదలు. శుక్రవారానికి ప్రెస్సుకి వెళ్ళిపోవాలి."

"చూస్తానండీ" అంది పేజీలు కట్టే ఆవిడ. మూడు రోజులుగా చూస్తూనే ఉంది.

ఆ సాఫ్ట్‌వేరులో పేజీని కంటితో చూసుకుంటూ సర్దడం ఉండదు. మేటర్ మధ్యలో ఇది శీర్షిక, ఇది హెచ్చరిక అని గుర్తులు రాసుకుంటూ పోవాలి. మీట నొక్కితే పేజీలు అదే కడుతుంది. ఏ గుర్తుకి ఏం చెయ్యాలో చెప్పే స్టైల్ ఫైలు వేరే ఉంటుంది. రెండు వేల వరసల ఆ ఫైలుని మొత్తం ఆవిడ అక్కే రాసింది.

నిరుడు దాకా అక్క ఇదే గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేది. స్కూటర్ మీంచి పడి తలకి దెబ్బ తగిలింది. మనిషి కోలుకుంది. నడుస్తుంది, వండుతుంది, వేళాకోళాలాడుతుంది. జ్ఞాపకంలో మాత్రం అక్కడక్కడ చిల్లులు పడ్డాయి. ఈ గదిలో చేసిన పనంతా ఆ చిల్లుల్లోంచే జారిపోయింది. బలవంతంగా గుర్తు చెయ్యొద్దని డాక్టరు చెప్పాడు. అందుకే చెల్లెలు ఆఫీసు ఊసే ఎత్తేది కాదు.

చెల్లెలు అంచుల్లో జాగా తగ్గించి చూసింది. అరవై ఒకటో పేజీ హెచ్చరిక చోటుకొచ్చింది గానీ, డెబ్భయ్యో పేజీది ఏకంగా డెబ్భై రెండులోకి దూకింది. అక్షరాల సైజు తగ్గించింది. ఎవరూ అడక్కుండానే శీర్షికలు రెండేసి సార్లు పడ్డాయి. తెర మీద ఒక సందేశం మాత్రం వస్తూనే ఉంది: పదకొండు వందల నలభయ్యో వరసలో పట్టనంత మేటర్ ఉందట. వెళ్ళి చూస్తే ఆ వరస ఖాళీ. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. అప్పుడూ ఖాళీయే. తప్పు ఫైలుదో, కంప్యూటర్‌దో, తన బుర్రదో తేల్చుకోలేకపోయింది.

బుధవారం మధ్యాహ్నం అక్క గుమ్మంలో నిలబడింది, చేతిలో కళ్ళజోడు పెట్టెతో.

"నిన్న మా ఇంట్లో మర్చిపోయావు. మీ బావ కింద దింపి వెళ్ళారు. ఏంటే ఆ మొహం, ఎవరో కొట్టినట్టు?"

"ఏం లేదక్కా. పని."

అక్క వెనక నిలబడి తెర మీదికి వంగింది. కాసేపు చదివి కిసుక్కున నవ్వింది. "ఎవడే ఈ మహానుభావుడు? ఒక పని చెయ్యడానికి మూడు మెలికలు తిప్పాడు. వీడి చేతులు కట్టేసుండాల్సింది."

చెల్లెలు కళ్ళజోడు పెట్టె తెరిచి మూసింది.

"చెప్పవే, ఎవరు?"

"నువ్వే అక్కా."

అక్క నవ్వు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫైలు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరిపింది. ఒకచోట ఆగి గట్టిగా చదివింది: "ఇక్కడ వేలు పెడితే ఊరుకోను. ఎందుకో తర్వాత రాస్తాను." తల ఊపింది. "ఈ బెదిరింపు నాదే. మిగతాది ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"పోనీలే. నేనే ఎలాగో..."

"సగం మూసెయ్."

"ఏంటి?"

"ఫైలు సగం మూసెయ్. తప్పు పోతే ఆ సగంలో ఉన్నట్టు. పోకపోతే ఈ సగంలో."

"ఇది నీకు గుర్తుందా?"

అక్క కూడా తెల్లమొహం వేసింది. "ఏమోనే. నోట్లోంచి వచ్చేసింది."

వరస ముందు ఒక చిన్న గుర్తు పెడితే కంప్యూటర్ దాన్ని చదవకుండా దాటేస్తుంది. అలా వెయ్యి వరసలు మూశారు. పుస్తకం గుర్తుపట్టలేనంత అవతారం ఎత్తింది గానీ, హెచ్చరికలు తమ చోటికి వచ్చాయి. తప్పు ఆ సగంలోనే ఉందన్నమాట. దాన్ని ఐదు వందలకి, ఆపైన రెండు వందల యాభైకి తగ్గించారు. మధ్యలో ఒకసారి పేజీలన్నీ మాయమైపోయి ఒక్క పేజీయే మిగిలితే ఇద్దరూ కంగారుగా మొహాలు చూసుకున్నారు. చివరికి తేలింది ఏడు వరసలు. అక్క బెదిరింపు కిందవే.

చెల్లెలు వేలు పెట్టి మెల్లగా చదివింది. "పట్టిక రాగానే పేజీ అడుగున మూడు వరసల చోటు ఖాళీగా వదలమంటున్నావు. అరవయ్యో పేజీలోనే మొదటి పట్టిక ఉందక్కా!"

"పట్టిక అయిపోయాక?"

"ఏమీ లేదు. ఇంక అలా వదులుతూనే పోతుంది. ఆ చోటు పోతే హెచ్చరికకి జాగా చాలదు, పక్క పేజీలోకి పోతోంది."

"ఆపమని రాయడం మర్చిపోయానంటావా?"

"అదీ స్కూటర్ మీంచి పడకముందే మర్చిపోయావు."

అక్క పగలబడి నవ్వింది. ఏడాది తర్వాత ఆ గదిలో ఆ నవ్వు వినేసరికి చెల్లెలి కళ్ళు చెమర్చాయి.

పట్టిక అయ్యాక ఆపమని ఒక వరస చేర్చి మీట నొక్కారు. హెచ్చరికలన్నీ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఎనభై ఎనిమిదో పేజీది మాత్రం మొదట్నుంచీ సరిగ్గానే ఉందని అప్పుడు గమనించారు. మిగతావన్నీ జారితే అదెందుకు జారలేదో ఎంత చూసినా ఇద్దరికీ అంతు చిక్కలేదు.

మెట్లు దిగుతుండగా అక్క ఆగింది. "ఏడాదిగా నన్ను ఒక్క మాటైనా ఎందుకు అడగలేదే?"

"గుర్తు రాకపోతే బాధపడతావని."

"గుర్తు రాలేదు. బాధపడ్డాను. అయితే ఏమైందిప్పుడు?"

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుని మిగతా మెట్లు దిగింది.

గురువారం హెడ్ నర్సు వచ్చి పేజీ పేజీకీ మందు పేరు మీంచి అడుగుదాకా వేలు జరుపుతూ చూసింది. రెండు గంటలు పట్టింది. "అసలేం జరిగిందమ్మా?" అని అడిగి, చెల్లెలు చెప్పిందంతా ఓపిగ్గా వింది. "నాకేం అర్థం కాలేదు గానీ, బాగుంది" అని ఆఖరి పేజీ మీద సంతకం పెట్టింది. పుస్తకం అనుకున్న రోజుకే ప్రెస్సుకి వెళ్ళింది.

సోమవారం పొద్దున అక్క తనంతట తనే వచ్చి కిటికీ పక్క బల్ల మీద దుమ్ము తుడిచింది. స్టైల్ ఫైలు మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. పది నిమిషాలకి తలెత్తింది.

"ఈ పదిహేనో వరస ఏం చేస్తుందే?"

"తెలీదక్కా."

"నాకూ తెలీదు" అంది అక్క, కుర్చీ ముందుకి జరుపుకుంటూ. "మూసి చూద్దాం పట్టు."