దిగుడుబావికి గోడ

బళ్ళారి కాలేజీలో పరీక్షలు ముగియగానే హాస్టలు ఆడపిల్లలంతా పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారు. యశోద ఒక్కతే మిగిలింది. ఆ వేసవిలో జువాలజీ లెక్చరరు చెన్నకేశవరావు, టీచర్లు కావాలనుకునే విద్యార్థులను కొందరిని ఏరి, సెలవుల్లో లాబొరేటరీలో పరిశోధన నేర్పిస్తానన్నాడు.

"పుస్తకంలో బొమ్మ చూసి పాఠం చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారమ్మా. కళ్ళారా చూసి చెప్పేవాళ్ళు కావాలి" అన్నాడాయన. గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి. బి.ఎస్సీ. మొదటి ఏడు పూర్తిచేసిన యశోదకు హైస్కూల్లో టీచరు కావాలన్నది తప్ప వేరే కోరిక లేదు. ఆ మాట తనకే చెప్పినట్టు అనిపించి హాస్టల్లోనే ఆగిపోయింది.

ఆయన ఎంచుకున్న విషయం నారికురుపు. సిరుగుప్ప తాలూకా పల్లెల్లో ఎండలు ముదిరితే ఆ రోగం పేరు వినబడని వీధి ఉండేది కాదు. కాలి మీద బొబ్బ లేస్తుంది. అది పగిలి, తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్తగా లాగాలి. తొందరపడి లాగితే తెగుతుంది. తెగితే కాలు చీము పడుతుంది. కొందరు కుంటివాళ్ళయ్యేవారు, కొందరు లేచేవారే కాదు.

యశోద తన ఊరి దిగుడుబావి నీళ్ళు సీసాలో పట్టి తెచ్చింది. తెక్కలకోట దాటాక కాలవ నీళ్ళు ఎక్కని మెరక మీద ఉంటుంది ఆ ఊరు. ఉన్నది ఒకటే మంచినీళ్ళ బావి. దానికి రెండు వైపులా మెట్లు. ఉత్తరం మెట్లు ఊరివాళ్ళవి. దక్షిణం మెట్లు, అంటరానివాళ్ళని ఊరు దూరంగా పెట్టిన కింది కేరి అనే వాడవాళ్ళవి. అందరూ మోకాటి లోతు దిగి బిందెలు ముంచుకునేవారు.

మైక్రోస్కోపు కింద ఒక్క చుక్కలో ఆమెకు నీటిపురుగులు కనబడ్డాయి. నువ్వుగింజలో సగం కూడా ఉండవు. నుదుట ఒకే కన్ను. ఒకదాని కడుపులో మాత్రం ఇంకేదో చుట్టచుట్టుకుని కదులుతోంది. యశోద లెక్చరరును పిలిచింది.

ఆయన చాలాసేపు వంగి చూసి తలెత్తాడు. "కురుపు ఉన్న మనిషి నీళ్ళలో కాలు పెడితే నారిపురుగు పిల్లల్ని వదులుతుంది. వాటిని ఈ ఒంటికన్నుది మింగుతుంది. దీన్ని మనం తాగుతాం. ఏడాది తర్వాత మన కాల్లోంచి బయటికొస్తుంది. నీళ్ళలోకి కాలు దిగకపోతే చాలు, కథ అక్కడితో ఆగిపోతుంది."

ఆ బావి నీళ్ళు తాగే యశోద పెరిగింది. అన్న కాలి మీద మచ్చ, నాయనమ్మ కుంటి నడక, అన్నీ ఆ చుక్కలో కదులుతున్నట్టు తోచాయి.

జ్యేష్ఠమాసంలో చెన్నకేశవరావును వెంటబెట్టుకుని ఊరికి వచ్చింది. ఆమె తండ్రి వెంకటరామిరెడ్డి పంచాయతీ ప్రెసిడెంటు. ఇంటి ముందు అరుగు మీద పెద్దలందరూ కూర్చున్నారు. రెండు వైపులా మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టుకుంటే రెండేళ్ళలో నారి అనేదే కనబడదని లెక్చరరు చెప్పాడు.

"మా తాత తవ్వించిన బావి సార్ అది" అన్నాడు వెంకటరామిరెడ్డి ముఖం ముడుచుకుని. "దాంట్లో పురుగులుండాయని నా కూతురే నలుగుర్లో చెప్పబట్టె."

పక్కనున్న సుబ్బరామిరెడ్డి గొంతు సవరించుకున్నాడు. "దక్షిణం మెట్లు గూడా మూయాల్నా సారూ?"

"తప్పకుండా. రెండూ మూయాలి."

"ఆపక్క నుంచి ఎవురూ దిగే పనుండదు. హౌదా, అంతేనా?"

"ఎవరూ దిగకూడదు."

సుబ్బరామిరెడ్డి వెంకటరామిరెడ్డి వైపు చూశాడు. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న తండ్రి ముఖం విప్పారింది. "సదువుకున్నోళ్ళు చెప్తాండారు, మంచికే కదప్పా. కట్టిచ్చేద్దాం" అన్నాడు. యశోదకు ఆ సంతోషంలో ఆ చూపు అర్థం కాలేదు. నాయన తన మాట విన్నాడన్నదే ఆమెకు కొండంత అయింది.

వానలు పడకముందే గోడ లేచింది. మూసిన ఉత్తరం మెట్ల మీద గచ్చు పోసి గిలక బిగించారు. పసుపు కుంకుమ పెట్టి మొదటి చేద యశోద చేతనే తోడించారు. తెల్లవారి బస్సుకు ఆమె బళ్ళారి వెళ్ళిపోయింది.

మరుసటి వేసవిలోనూ ఊళ్ళో కురుపులు లేచాయి. గోడ దండగ అన్నారు జనం. అవి గోడకు ముందు తాగిన నీళ్ళవని, ఇంకొక్క ఏడాది ఓపిక పట్టమని లెక్చరరు చెప్పి పంపాడు. యశోద సెలవులన్నీ లాబొరేటరీలోనే గడిపింది. వేరే ఊళ్ళ నీళ్ళు చూసింది, గాజు తొట్లలో నీటిపురుగులను పెంచింది, బొమ్మలు గీసింది. ఊరికి వచ్చి ఉన్నది అమ్మ చేతి వంట తినేంతసేపే.

మూడో వేసవికి ఆమె బి.ఎస్సీ. పరీక్షలు రాసింది. టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. ఈసారి ఊళ్ళోనే ఉండి ఇల్లిల్లూ తిరిగింది. రెడ్ల వీధి, కోమట్ల వీధి, కురుబల వీధి. ఒక్క కాలి మీద కూడా బొబ్బ లేదు. వాకిట్లో కూర్చున్న నాయనమ్మ ఆమె చెంపలు పుణికి, "మా తల్లే, ఊరిని బతికిస్తివి" అంది. యశోద నవ్వుతూనే ఏడ్చింది.

ఆ సాయంత్రమే చేనిగట్టు మీద పంపమ్మ కనబడింది. పంపమ్మ కింది కేరి మనిషి, పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళ చేలల్లోనే కూలి చేస్తోంది. చిన్నప్పుడు యశోదను చంకనెత్తుకుని చేలన్నీ తిప్పింది. ఇప్పుడు గట్టు మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. చీలమండకు కట్టిన ఆకుల కింద పుల్ల, పుల్లకు చుట్టిన తెల్లటి దారం.

"ఇదేంది పంపమ్మా? నారి పోయిందనుకుంటాండామే!"

"మీకు పోయింది అమ్మణ్ణీ. మాకు యాడ పోతాది?"

"మీరూ బావి నీళ్ళే కదా తాగేది?"

పంపమ్మ ఆమె వంక వింతగా చూసింది. "మా మెట్లు మూసిరి. గిలక తాడు మేము ముట్టరాదంట. మొదట్లో మీవాళ్ళు తోడి మా బిందెల్లో పోస్తాండిరి. రెండు వారాలు పోసి, సాకు, సాలింక పోండి, మాకేం పనుల్లేవా అనిరి. ఆపొద్దు నుంచి రాళ్ళు కొట్టిన గుంతే మా బావి. కేరిలో ఇంటికొకరు మంచాన ఉండారు. నీకు తెల్దా?"

యశోదకు తెలియదు. ఆమె తిరిగిన వీధుల్లో కేరి లేదు.

గుంత ఊరికి పడమర. క్వారీవాళ్ళు రాయి తీసి వదిలేసిన గొయ్యి. పాకుడు పట్టిన పచ్చటి నీళ్ళు. కట్టుకట్టిన కాళ్ళతోనే ఆడవాళ్ళు తొడల లోతు దిగి కడవలు ముంచుతున్నారు. యశోద సీసా నింపుకుని బళ్ళారి బస్సెక్కింది. మైక్రోస్కోపు కింద ఆ చుక్కలోని నీటిపురుగుల్లో, కడుపులో చుట్ట లేనిదాని కోసం వెతకవలసి వచ్చింది.

చెన్నకేశవరావు చూసి కళ్ళద్దాలు తీశాడు. మర్నాడే ఆమెతో ఊరికి వచ్చాడు. కేరివాళ్ళకూ ఒక గిలక పెట్టించమని అరుగు మీద పెద్దలను అడిగాడు. వాళ్ళు ఆయనకు మజ్జిగ ఇచ్చారు, ఎండను తిట్టారు, బస్సు టైమయిందని గుర్తు చేశారు.

బస్సు దగ్గర ఆయన యశోద ముఖం చూడలేకపోయాడు. "మనం బయాలజీ వాళ్ళమమ్మా. పురుగును పట్టుకోగలం. ఇది మన చేతిలో లేదు. గుడ్డ నాలుగు మడతలు వేసి వడగట్టుకోమని చెప్పు వాళ్ళకి."

ఆమె చెప్పింది. పంపమ్మ మగడు దుర్గప్ప కట్టుకున్న పంచె వైపు చూసుకున్నాడు. "కట్టుకునేకే నాలుగు మడతలు ల్యావు అమ్మణ్ణీ" అన్నాడు. యశోద అమ్మ పాత చీరలు చింపి ఇంటింటికీ ఇచ్చింది. కానీ అది రాబోయే ఏటికి మందు. ఇప్పటికే లోపల ఉన్న పురుగుకు కాదు.

పంపమ్మ కూలికి పోవాలన్న తొందరలో పురుగును గట్టిగా లాగింది. తెగింది. కాలు మొద్దులా వాచింది. యశోద బండి కట్టించి సిరుగుప్ప ఆసుపత్రికి తీసుకుపోదామని వచ్చేసరికి పంపమ్మ పళ్ళు గిట్టకరుచుకుపోయాయి. ధనుర్వాతంతో ఒళ్ళు విల్లులా వంగి వంగి పడుతోంది. బండి తెక్కలకోట చేరకముందే ప్రాణం పోయింది. దుర్గప్ప ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బండి వెనక్కి తిరిగాక అడిగాడు.

"ఆ గోడ నువ్వే కట్టించితివంట గదా అమ్మణ్ణీ?"

"ఊఁ."

అతను ఇంకేదైనా అని ఉంటే బాగుండునని యశోద ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

మర్నాటి నుంచి ఆమె పొద్దున్నే గిలక దగ్గర నిలబడి తోడి, గచ్చు దిగి వచ్చి కేరి ఆడవాళ్ళ కడవల్లో పోసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. వీధిలో వాళ్ళు బిందెలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. మూడు రోజులు అలా సాగింది. నాలుగో రోజు గిలకకు తాడు లేదు. ఇక మీద ఎవరి తాడు వాళ్ళే ఇంటి నుంచి తెచ్చుకోవాలని పంచాయతీ తీర్మానించిందట. ఇంట్లో తాడు కోసం వెతికింది. నాయన దాన్ని అటక మీది పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"నాయనా, పంపమ్మ నన్ను ఎత్తుకుని తిప్పింది."

"తిప్పింది. నేను ల్యాదంటినా? నువ్వు రేపు పోతావు పాపా, ఈ ఊర్లో ఉండాల్సింది నేను" అన్నాడు తండ్రి. కోపంగా అనలేదు.

జూను మొదటి వారంలో కాలేజీ హాల్లో వేసవి పరిశోధనల సభ జరిగింది. జిల్లా ఆరోగ్యశాఖ నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. యశోద వేదిక మీద నిలబడి బావి లెక్క చెప్పింది, ఆ వెంటనే గుంత లెక్క చెప్పింది. పంపమ్మ పేరు చెప్పింది. తెచ్చిన స్లైడు చూడమని అందరినీ పిలిచింది. ఒకరిద్దరు వచ్చి చూశారు.

ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. "గోడ కట్టిన చోట రోగం సున్నా! ఇంతకంటే రుజువేం కావాలి? ఈ ఏడే తాలూకాలో దిగుడుబావులన్నీ మూయించేస్తాం."

"కేరివాళ్ళ గిలక సంగతి సార్?"

"అది వేరే డిపార్టుమెంటమ్మా" అన్నాడు ఆయన దయగా.

చెన్నకేశవరావు తల వంచుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. సర్టిఫికెట్టు యశోద చేతికిచ్చి ఫొటో తీశారు.

ట్రైనింగు కాలేజీకి పోయే రోజు, బస్సు సిరిగేరి దాటాక ఒక పల్లె పక్కన ఆగింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కనే దిగుడుబావి. రాళ్ళ కుప్పలు, సున్నం గుంట. మేస్త్రీ ఒకడు దారం పట్టి కొలుస్తున్నాడు. మెట్లు అప్పుడే సగం మూసుకుపోయాయి.

యశోద పెట్టె తీసుకుని దిగిపోయింది. బస్సు వెళ్ళిపోయింది.

"ఎన్ని గిలకలప్పా?" అని అడిగింది.

"ఒకటే తల్లీ."

"కేరివాళ్ళకు?"

మేస్త్రీ చేయి ఆపి, రావిచెట్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఊరి పెద్దవైపు చూపించాడు. ఆమె అక్కడికి వెళ్ళింది. ఒంటికన్ను పురుగు గురించి, గుంత గురించి, వచ్చే రెండేళ్ళలో ఏం జరుగుతుందో అంతా చెప్పింది. పెద్దాయన మర్యాదగానే విన్నాడు. ఎవరి కూతురివని అడిగాడు. చెప్పింది.

"మీ నాయన ఊర్లో ఎన్ని గిలకలు పెట్టినారమ్మా?" అన్నాడు.

యశోద పెట్టె తీసుకుని ఎండలో మళ్ళీ రోడ్డు మీదికి వచ్చి, ఇంకో బస్సు కోసం నిలబడింది. వెనక సుత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది.