విడిగా ఒక గది

ముందు కొబ్బరినూనె వాసన వస్తుంది. తర్వాత పంచదార. ఆ తర్వాత పిండి వేగే వాసన — అది వచ్చాక ఆగకూడదు. ఒక్క నిమిషం ఆగితే మాడు.

ఇది నా విద్య కాదు. గోడ అవతలి మనిషిది.

జబ్బు భయంతో ఊరంతా తలుపులు మూసేశారు. బస్సుల్లేవు, ఆఫీసుల్లేవు. వీధి కుక్కలకి తప్ప ఎవరికీ బయట పని లేదు.

నేను మాత్రం సంతోషంగా ఉన్నాను. దాచుకోవడం ఎందుకు, చాలా సంతోషంగా ఉన్నాను. జీవితాన్ని తేలిక చేసుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదని ఫోన్లో ఒకావిడ రోజూ చెప్పేది. తెల్లటి గోడ ముందు కూర్చుని, నవ్వుతూ. ఏడాదిగా ముట్టుకోని వస్తువు ఇంట్లో ఉండకూడదట. తు.చ. తప్పకుండా పాటించాను.

సగం బట్టలు పోయాయి. రెండో సెట్టు ప్లేట్లు పోయాయి. తన కాలేజీ పుస్తకాలు పోతుంటే మా ఆయన కిక్కురుమనలేదు. పాలు మానేశాను, వెన్న మానేశాను, గుడ్డు మానేశాను. ఏ ప్రాణినీ నొప్పించని తిండి తినాలనుకున్నాను.

ఏ ప్రాణినీ...

వస్తువులన్నీ అయిపోయాక మనుషులు మిగిలారు.

మావయ్యగారు మా ఇంటికి పది రోజులకని వచ్చారు. కంటి ఆపరేషన్ చేయించుకుని వెళ్లిపోదామని. ఆపరేషన్ జరగలేదు, వెళ్లడానికి బండీ లేదు. వంటింటి గోడకి ఆనుకున్న మూడో గది ఆయనదైంది. ఆ గది మీద నాకు ఎప్పటినుంచో కన్నుంది. కిటికీకి తెల్లటి పరదా, నేల మీద ఒక చాప — ఇంకేమీ ఉండకూడదు. అందులో ఇప్పుడు ఒక మంచం, ఒక రేకు పెట్టె, రోజంతా గొంతు సవరించుకునే చప్పుడు.

ముప్పై ఎనిమిదేళ్లు బేకరీలో బట్టీ దగ్గర నిలబడిన మనిషి. మోచేతుల దాకా వెంట్రుక అన్నది లేదు, ఎప్పుడో కాలిపోయింది. గడియారం చూసి ఏదీ తీయలేదట, అంతా ముక్కుతోనే. రేకు పెట్టెలో పాత ఏప్రన్ ఒకటి దాచుకున్నారు. ఏడాదిగా కట్టుకోలేదు కదా అని పారేశాను. రెండు రోజులు వెతికారు. అడగలేదు. నేనూ చెప్పలేదు.

పెద్దవాళ్లు నలుగురిలో తిరగకూడదని చెప్పి ఆయన్ని గదిలోనే ఉండమన్నాను. మీ మంచికే, అన్నాను. తలుపు దగ్గరికి వేశాను.

నా కుకీలు మొదటి మూడు వాయిలూ మాడిపోయాయి. వీడియోలో పన్నెండు నిమిషాలంటారు. నాది పాత ఓవెన్, ఒక పక్క ఎక్కువ కాలుతుంది, ఆ లెక్కకి ఒప్పుకోదు. నాలుగో వాయి లోపలుండగా గోడ అవతలి నుంచి వినబడింది.

"అమ్మాయ్, తియ్యి."

తీశాను. అంచులు ఎర్రగా, మధ్యలో మెత్తగా. ఒక్కటీ మాడలేదు.

ఆ రోజు నుంచి అదే వరస. గుడ్డుకి బదులు అవిసె గింజల పొడి నీళ్లలో నానబెడతాను. వెన్నకి బదులు కొబ్బరినూనె కరిగిస్తాను. ట్రే లోపల పెట్టి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాను. గోడ అవతల ముక్కు తన పని తాను చేసుకుంటుంది. పాలు లేవు, వెన్న లేదు, గుడ్డు లేదు, ఇంక గాలి తప్ప ఏముందమ్మా ఇందులో అని ఒకసారి ఎగతాళి చేశారు. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు ఆయనకి కుకీ పెట్టలేదు.

ఫొటోలు పెట్టేదాన్ని. ఇంత సమంగా ఎలా కాలుస్తారండీ అని అడిగేవాళ్లు. మనసు పెట్టి చేస్తానని రాసేదాన్ని.

ఈలోగా తెల్ల బండి మా వీధిలోకి రావడం మొదలైంది. జబ్బు తగిలిన వాళ్లని ఎక్కించుకుని వెళ్లేది. మావయ్యగారితో పాటు ఆ బేకరీలో పిండి కలిపిన మనిషి అలాగే వెళ్లాడు. తిరిగి రాలేదు. ఎక్కడ పూడ్చారో కూడా ఇంట్లోవాళ్లకి చెప్పలేదట. ఆ కబురు తెలిసిన రోజు మావయ్యగారు ముద్ద ముట్టలేదు. ఏదొచ్చినా ఈ నాలుగు గోడల మధ్యే రానివ్వమని మా ఆయన్ని బతిమాలుకున్నారు. మా ఆయన సరేనన్నాడు. మా ఆయన అందరికీ సరేనంటాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం...

గోడ అవతలి నుంచి ఏమీ రాలేదు.

పొగ వచ్చింది. కళ్లు మండేంత పొగ.

కునుకు పట్టిందమ్మా, అన్నారు. మర్నాడు మరీ ముందే తియ్యమన్నారు. చూస్తే పచ్చి పిండి. నాకు అనుమానం పట్టుకుంది. వాసన తెలియకపోవడం ఆ జబ్బు గుర్తని అప్పటికి పిల్లా పెద్దా అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు.

అందుకే దాస్తున్నారు. మంచం మీద పడుకుని, మనసులో అంకెలు లెక్కపెట్టుకుని, తోచినప్పుడు తియ్యమంటున్నారు.

మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్లాను. ఉత్తి గిన్నెలో గరిటె తిప్పాను. ఓవెన్ తలుపు తీశాను, ట్రే చప్పుడయ్యేలా లోపలికి తోశాను, తలుపు వేశాను. స్విచ్ వేయలేదు.

స్టూలు మీద కూర్చున్నాను — చేతులు కట్టుకుని.

"వాసన వస్తోందా మావయ్యగారూ?"

"కమ్మగా వస్తోందమ్మా. ఇంకో రెండు నిమిషాలు ఉండనీ."

ఉండనిచ్చాను. రెండు నిమిషాలూ ఉండనిచ్చాను.

"ఇప్పుడు తియ్యి."

నాకు జాలి వేయాలి. వేయలేదు. గెలిచినట్టు అనిపించింది. అబద్ధం ఎందుకు, చాలా హాయిగా అనిపించింది.

ఖాళీ ట్రే పట్టుకెళ్లి ఆయన గది తలుపు తీశాను. ముందుకు చాపాను. పొర పట్టిన ఆ కళ్లకి ట్రే కనబడింది గానీ అందులో ఏమీ లేదని కనబడలేదు. బాగా వచ్చాయా అంటూ చెయ్యి చాపారు. వేళ్లకి చల్లటి రేకు తగిలింది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

ట్రేని మెల్లగా నా వైపు నెట్టారు.

"అక్కడికి పంపకమ్మా. ఈ తలుపు తీయను. పళ్లెం గుమ్మంలో పెట్టు, చాలు."

నేను ఫోన్ చేశాను.

ఆరోగ్య కేంద్రంలో ఫోనెత్తినావిడ మంచి మనిషి. నిదానంగా అడిగింది. జ్వరం ఎంత, ఆయాసం ఉందా, లేచి నడుస్తున్నారా. జ్వరం లేదు, ఆయాసం లేదు, వాసన ఒక్కటే పోయిందన్నాను. అయితే భయం లేదమ్మా, ఇంట్లోనే ఉంచుకోవచ్చు అంది. ఒక్క సంగతి చెప్పమంది.

"ఆయనకి విడిగా గది ఉందా?"

గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద ఆయన. హాల్లో మా ఆయన. ఇద్దరూ వింటున్నారు.

"లేదు" అన్నాను.

మా ఆయన తన కాలి గోళ్ల వంక చూసుకున్నాడు. మావయ్యగారు కొడుకు వంక చూశారు. కాసేపు చూశారు.

తర్వాత లేచారు. దుప్పటి మడతపెట్టారు. దిండు చంకలో పెట్టుకుని, గోడ తడుముకుంటూ హాల్లోకి వచ్చి, సోఫా పక్కన నేల మీద పరుచుకుని కూర్చున్నారు. తెల్ల బండి వాళ్లు వచ్చి చూసేసరికి ఆయన పక్క హాల్లోనే ఉంది. ఎందుకలా చేశారో నాకు వెంటనే అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది.

ఆయన్ని బండెక్కించి తీసుకెళ్లాక గది కడిగాను. మంచం విప్పించాను. రేకు పెట్టె కిందికి పంపేశాను. తెల్లటి పరదా కట్టి చాప వేశాను. ఇల్లు తేలికైంది. రోజూ ఆ చాప మీద కూర్చుని కళ్లు మూసుకుంటాను — మనసు నిలవదు. మా ఆయన ఆ గదిలో అడుగు పెట్టడు. నాతో మాట్లాడతాడు... ఉప్పెక్కడుంది, గ్యాస్ అయిపోయిందా, అంతవరకే. కుకీలు చేస్తూనే ఉన్నాను. ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చుని రెప్ప వేయకుండా చూస్తాను. అయినా ఒక పక్క మాడుతూనే ఉన్నాయి. మాడినవి నేనే తింటాను. ఫొటోలు పెట్టడం మానేశాను.

పన్నెండో రోజు ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి నర్సు. అలసిపోయిన గొంతు. వెనకాల ఎవరో దగ్గుతున్నారు, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు.

మంచాలు చాలడం లేదట. మావయ్యగారికి ప్రమాదం తప్పిందట, కానీ ఇంకో పది రోజులు విడిగా ఉండాలట. ఇంట్లో గది ఉన్నవాళ్లని ఇళ్లకి పంపేస్తున్నారు. లేనివాళ్లని ఒక గోడౌన్‌కి మారుస్తున్నారు — నేల మీద పక్కలు, నూట యాభై మంది.

"కాగితంలో గది లేదని ఉంది. ఆయన్ని అడిగితే, మా కోడలు అబద్ధం చెప్పదమ్మా, నేను హాల్లోనే పడుకునేవాణ్ణి అంటున్నారు. పెద్దాయన కదా, గుర్తుందో లేదోనని మీకు చేశాను."

మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఈసారి గోళ్ల వంక చూడటం లేదు. నా వంక చూస్తున్నాడు.

పరదా కదులుతోంది. ఏ వాసనా లేదు — నూనె లేదు, పంచదార లేదు, మనిషి లేడు.

"చెప్పండమ్మా. గది ఉందా?"

నేను ఆ గది మధ్యలోనే నిలబడి ఉన్నాను.