సోలెడు తవుడు

మిల్లు ఆడుతోంది, కానీ చప్పుడు లేదు. బెల్టులు తిరుగుతున్నాయి, పైనుంచి తవుడు సన్నగా, వెచ్చగా, ఎడతెరిపి లేకుండా రాలుతోంది, నా జుట్టు మీద, భుజాల మీద, ఆసుపత్రి వాళ్ళు తొడిగిన ఆకుపచ్చ గౌను మీద, కుడి మణికట్టుకి చుట్టిన ప్లాస్టిక్ పట్టీ మీద. ఆ పట్టీ మీద నా పేరు సుహాసిని అనీ, వయసు అరవై అనీ అచ్చువేసి ఉంది. పొద్దున్నే గుండె ఆపరేషన్ పెట్టుకుని, ఈ గౌనుతో మా ఊరి బియ్యం మిల్లులోకి ఎందుకొచ్చానన్న అనుమానం నాకు రావడం లేదు. మిల్లు మాదే, కాకపోతే గోడలు లేవు, గోడలుండాల్సిన చోట తవుడు రంగు వెలుతురు ఉంది, ఆ వెలుతురుకి అవతలి అంచు ఎంత చూసినా కనబడటం లేదు, నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉన్నాను.

తవుడు కుప్ప పక్కన ఒక ముసలావిడ గొంతుక్కూర్చుని చేటతో చెరుగుతోంది. వీపు చూసే పోల్చుకుంటాను. అసిరమ్మ. మా ఊరి మంత్రసాని. నన్ను కడుపులోంచి బయటికి తీసిన చేతులవే, నన్ను కొన్న చేతులూ అవే. ఆవిడ పోయి ముప్పై నాలుగేళ్ళయింది.

"కొన్నమ్మా!" అంటాను. చిన్నప్పటి పిలుపు నోట్లోంచి దానంతటదే వస్తుంది.

ఆవిడ చేట ఆపి వెనక్కి తిరుగుతుంది. చెవులకి అవే బరువైన కమ్మలు, చుబుకం మీద అదే పచ్చబొట్టు.

"ఎవులమ్మా? ఓ, మేష్టారమ్మగోరా! రండమ్మా, కూకోండి. తవుడంటుకుంటాది, అలగ పక్కకి కూకోండి."

ఆ మర్యాద నాకు చెంపదెబ్బలా తగులుతుంది. నన్ను ఎత్తుకుని, చీమిడి తుడిచి, "ఒలే తవిటీ, ఇలగ రాయే" అని వీధి చివరినుంచి కేకేసిన మనిషి నన్ను గారూ గీరూ అంటోంది. అనదా మరి! అనేలా చేసుకున్నదాన్ని నేనే.

మా అమ్మకి నాకు ముందు ముగ్గురు పుట్టి పోయారు. మా నాన్నకి పెద్ద పెద్ద పేర్ల పిచ్చి. రాజరాజేశ్వరి ఆరేళ్ళుంది. చక్రధరుడు రెండేళ్ళు దాటాడు, మాటలు కూడా వచ్చాయట. హేమలత పురుడు వెళ్ళకముందే వెళ్ళిపోయింది. నాలుగో కాన్పులో నేను పుట్టగానే మా అమ్మ నాన్నని పేరు మాట ఎత్తనివ్వలేదు. నన్ను చేటలో పడుకోబెట్టించి గుమ్మం బయట పెట్టించింది. అసిరమ్మ సోల నిండా తవుడు తెచ్చి అమ్మ ఒళ్ళో పోసి నన్ను కొనుక్కుంది, తన బిడ్డలాగా ఎత్తుకుని ఇంటి చుట్టూ తిప్పి, "నా గుంటని కాసింత పెంచిపెట్టమ్మా" అని మళ్ళీ అమ్మ చేతుల్లో పెట్టింది. తవుడుకి అమ్ముడుపోయిన పిల్ల గనక తవిటమ్మనయ్యాను. సోలెడు తవుడు పాటి చేసే పిల్ల కోసం చావు మాత్రం పనిగట్టుకుని ఎందుకొస్తుంది! శ్రీకాకుళం వైపు మా పల్లెల్లో ఇలాంటి తవిటమ్మలు, తవిటినాయుళ్ళు వీధికొకరు దొరుకుతారు. పిల్ల పెళ్ళినాడు కన్నవాళ్ళు కొన్నావిడని పిలిచి, అదే సోలతో తవుడు కొలిచి వెనక్కిచ్చి, పిల్లని విడిపించుకుంటారు. అంతవరకూ ఆ పిల్ల కొన్నావిడదే.

"కొన్నమ్మా, తవుడు తెచ్చాను," అంటాను. తెచ్చానని నిజంగానే అనుకుంటున్నాను. గౌనుకి జేబులు లేవు, చేతిలో సంచీ లేదు. వంగి కుప్పలోంచి దోసిలి నింపుతాను, లేచేలోగా అంతా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, మళ్ళీ వంగుతాను, ఈసారి కింద తవుడు లేదు, నున్నటి సిమెంటు గచ్చు ఉంది, దాని మీద బెంచీలు వరసగా ఉన్నాయి, ఇది మా హైస్కూలు, నేను రెండు జడలతో పదో తరగతి దరఖాస్తు నింపుతున్నాను, పేరు అని రాసి ఉన్న గడి ఎదురుగా ఖాళీగా ఉంది. క్లాసులో పిల్లలు నన్ను చూసి గేదెలాగా అంబా అనేవారు, తవుడు తింటావా అనేవారు. ఆ గడిలో అందమైన గుండ్రటి అక్షరాలతో సుహాసిని అని రాసుకున్నాను, ఏడుస్తూ రాసుకున్నాను. ఆ పేరుతోనే చదివాను, ఉద్యోగం చేశాను, ముప్పై ఐదేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పాను. నాకు ఇప్పటికీ ఆ పేరంటే ఇష్టమే, అబద్ధం ఎందుకు చెప్పాలి!

అసిరమ్మ నా పక్క బెంచీలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఇత్తడి సోల పెట్టుకుని.

"బాగా రాసినారమ్మా," అంటుంది. ఆవిడకి చదువు రాదు. "ముత్తేల్లాగున్నాయి."

"నీకు నా మీద కోపం రాలేదా? తిట్టు కొన్నమ్మా, నన్ను తిట్టు."

"ఎందుకు తిట్టడం? పెద్దోరయిపోనారు మీరు."

"పెళ్ళినాడు నేనన్న మాట గుర్తుందా?"

అడుగుతూ ఉండగానే బెంచీలు పెళ్ళిపందిట్లో కుర్చీలయిపోతాయి, పైన రంగు కాగితాలు, మగపెళ్ళివాళ్ళు విశాఖపట్నం నుంచి వచ్చి ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. పందిరి చివర అసిరమ్మ ఉతికిన తెల్ల చీర కట్టుకుని, ఇదే ఇత్తడి సోల పట్టుకుని నిలబడి ఉంది. అమ్మ చెబితేనే వచ్చింది, తవుడు కొలిపించుకుని నన్ను వదిలిపెట్టడానికి వచ్చింది. "ఒలే తవిటీ! నా తల్లి ఎంత సక్కగున్నాదో!" అని అందరికీ వినబడేలా అంది. మా అత్తగారు నా వైపు తిరిగి "తవిటి ఎవరమ్మా?" అని అడిగింది. నేను తల వంచుకుని, "ఏమోనండీ, ఇక్కడ ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరు. ఆవిడ ఎవరో, పొరబడి వచ్చినట్టుంది," అన్నాను. అసిరమ్మకి ఆ మాట వినబడింది. సోల కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. రెండేళ్ళకి పోయిందని అమ్మ ఉత్తరం రాస్తే, పరీక్ష పేపర్లు దిద్దే పని ఉందని నేను వెళ్ళలేదు. పేపర్లు రెండ్రోజులు ఆగేవి. మొహం చెల్లక వెళ్ళలేదు.

ఇప్పుడు అదంతా మళ్ళీ జరుగుతుందేమోనని తల దించుకుంటాను, కానీ పందిట్లో జనం లేరు, పెళ్ళికొడుకు లేడు, తవుడు కుప్ప మీద ముగ్గురు పిల్లలు జారుడుబల్ల ఆట ఆడుతున్నారు. పెద్దపిల్ల చంకలో చంటిపిల్ల ఉంది. మధ్యవాడికి రెండేళ్ళుంటాయి, మొలతాడు తప్ప ఒంటి మీద ఏం లేదు. వాళ్ళెవరో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క ఫోటో కూడా లేని నా అక్కలూ అన్నయ్యా, నేను అరవై ఏళ్ళ ముసలిదాన్నయ్యాక నా కంటే చిన్నగా, బంగారం లాంటి ఒంటితో, నా ఎదురుగా ఉన్నారు. నేను వాళ్ళ ఎత్తుకి కింద కూర్చుంటాను.

"నీ పేరేంటి?" అంటాడు చక్రధరుడు.

"సుహాసిని."

వాడు అక్క వైపు చూస్తాడు. రాజరాజేశ్వరి తల అడ్డంగా ఊపుతుంది.

"ఆ పేరుతో మాకు చెల్లి లేదే," అంటుంది, ఏ కోపమూ లేకుండా, తరగతిలో తప్పు చెప్పిన పిల్లకి సర్ది చెప్పినట్టు. "మా చెల్లి పేరు అమ్మ చెప్పింది మాకు. అది కాదు."

నేను నోరు తెరుస్తాను. అంతలో పిలుపు మొదలవుతుంది.

ఎక్కడినుంచో తెలియదు, ఆ వెలుతురులోంచే కావచ్చు, ఎవరో హాజరు పిలుస్తున్నారు. ఆ గొంతులో అదిలింపు లేదు, తొందర లేదు, ప్రతి పేరునీ ఎంతో ప్రేమగా, అక్షరం అక్షరం నిండుగా పలుకుతోంది. పేరు పిలిచినప్పుడల్లా ఒకరు లేచి నిలబడుతున్నారు, ఒంటరిగా కాదు, పుట్టిన రోజు నుంచి బతికిన ప్రతి రోజూ తమతో లేచి నిలబడేలాగా, పసితనమూ వయసూ ముసలితనమూ ఒకేసారి ఆ మనిషిలో వెలుగుతూ. వాళ్ళు 'ఆఁ' అని పలికి వెలుతురులోకి నడిచి వెళ్ళిపోతున్నారు. ఒక పేరులో మనిషి మొత్తం పడుతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. భయం వేయాలి, వేయడం లేదు. దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

"సుహాసిని," అంటుంది ఆ గొంతు.

ముప్పై ఐదేళ్ళు హాజరు పిలిచిన దాన్ని, పలక్కుండా ఉండగలనా? పెదవులు విడిపోయాయి, మాట నాలుక చివరికి వచ్చేసింది. ఆముదం వాసన వేసే అరచెయ్యి ఒకటి వచ్చి నా నోరు గట్టిగా మూసేస్తుంది.

"పలక్కే! బుద్ధి నేదేటి నీకు? పిలిసినోడికల్లా పలుకుతావేటి?"

నువ్వు అంది! అసిరమ్మ నన్ను నువ్వు అంది. చావు పిలుపు పక్కనే వినబడుతుంటే నాకు పట్టలేనంత సంతోషం వేస్తోంది. ఆ గొంతు ఇంకోసారి పిలిచి, కాసేపు ఆగి, వేరే పేరులోకి వెళ్ళిపోతుంది.

ఆవిడ చెయ్యి తీస్తుంది. "నువ్వు కాయితం మీద రాసుకున్న పేరు ఆడి దగ్గరున్నాది. నానెట్టిన పేరు నేదు. తవుడు రాసుకోడానికి ఎవుడికి ఓపిక!"

"అయితే నేను చావనా?"

"సావకేటి సేస్తావు, అందరం సచ్చినోలమే. ఇయ్యాల కాదంతే."

"కొన్నమ్మా, నా తవుడు తీసుకో. ఆ రోజు ఇవ్వలేదు. నన్ను వదిలెయ్యి, నీకూ నాకూ ఏమీ లేకుండా పోనీ. నేను చేసిన దానికి నీ కూతుర్నని చెప్పుకునే మొహం నాకు లేదు."

అసిరమ్మ నవ్వుతుంది. పళ్ళు లేని ఆ నవ్వు చూసి కుప్ప మీద పిల్లలు కూడా నవ్వుతారు.

"పిచ్చి గుంటా! తవుడు నాకెందుకు? తీసుకున్నానంటే నువ్వు నాకేటీ కావు. నువ్వలగ అన్నావు కాబట్టే నాను సోల అట్టుకుని ఎల్లిపోనాను. ఆ రెండేలూ ఏడిసినాను, ఏడవనేదని అబద్దమాడను. ఏడిసి ఏడిసి, సివరికి ఒకటనుకున్నాను. పోన్లే, గుంట నాకే మిగిలిపోనాది కదా, అనుకున్నాను."

నాకు ఏడుపు ఆగడం లేదు. ముప్పై ఆరేళ్ళుగా ఆవిడని వదిలించుకున్నాననే అనుకున్నాను, ఇంతకాలం ఆవిడ బిడ్డగానే తిరిగాను, నాకే తెలియలేదు.

"ఒక్కసారి పిలువు," అంటాను. "పాత పేరుతో. ఒక్కసారి చాలు."

"నానెలగ పిలుస్తాను? ఆ పేరుగలోలు ఇక్కడ నేరని సెప్పినావు. నువ్వు నేదన్నావు, నువ్వే ఉన్నానని సెప్పాల. నీ అక్కలూ అన్నా కూడా అందుకే సూస్తున్నారు."

ముగ్గురు పిల్లలూ ఆట ఆపి నన్నే చూస్తున్నారు. నేను చెప్పబోతాను. నోట్లో తవుడు ఉంది, ఎండిన తవుడు, నాలుక ఆడటం లేదు. అసిరమ్మ సోల చంకలో పెట్టుకుని లేస్తుంది, చంటిపిల్లని అందుకుంటుంది, వెలుతురు వైపు నడుస్తోంది, పిల్లలు ఆవిడ చీర చెంగు పట్టుకుని నడుస్తున్నారు, చక్రధరుడు ఆగి ఆగి వెనక్కి చూస్తున్నాడు, నేను గొంతు చించుకుంటున్నా గాలి తప్ప ఏమీ రావడం లేదు, వాళ్ళు చిన్నవాళ్ళయిపోతున్నారు, తవుడు ఇంకా రాలుతోంది.

"ఒలే తవిటీ! ఎక్కడున్నావే?"

"ఓయ్! ఇక్కడే! ఇక్కడున్నాను!"

నా అరుపుకి నాకే మెలకువ వచ్చింది. కిటికీలోంచి పొద్దుటి ఎండ మంచం మీద పడుతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది. వార్డు గుమ్మంలో నీలం చీర కట్టుకున్న ఒక పడుచుపిల్ల, తడి గుడ్డ కర్ర చేత్తో పట్టుకుని, తను పలకాల్సిన మాట నోట్లోనే ఉండిపోయి, నా వైపు విడ్డూరంగా చూస్తోంది. వరండా చివరినుంచి పనివాళ్ళ మీద పెత్తనం చేసే ఆవిడ మళ్ళీ కేకేసింది, "తవిటీ, వినబడదేటే!"

"ఒస్తున్నానమ్మా!" అని ఆ పిల్ల బదులిచ్చి, నా మంచానికి తగిలించిన కాగితంలోకి తొంగి చూసింది. "నన్ను పిలుస్తన్నారమ్మా. మీరు పలికినారేటి? ఇక్కడ మీ పేరు వేరే ఏదో ఉన్నాది."

"నా పేరు కూడా తవిటమ్మే," అన్నాను. బతికున్న మనిషి ముందు ఆ మాట అని ఎన్నేళ్ళయిందో. మాట తడబడకుండా వచ్చింది.

ఆ పిల్ల నవ్వలేదు. కర్ర గోడకి ఆనించి, నా మంచం దగ్గరికి వచ్చి, మా వైపు ఆడవాళ్ళు తప్ప ఇంకెవరూ అడగని ప్రశ్న అడిగింది.

"మిమ్మల్ని ఎవులు కొన్నారమ్మా?"

"అసిరమ్మ," అన్నాను. "తవుడు ఇంకా వెనక్కివ్వలేదు."