అరగని మాట

నోరు తెరిచి ఎవరితోనూ అనని సంగతి సంగీతకు ఒకటుంది. నాలుగేళ్ల కింద అక్క ఉషారాణికి నర్సు ట్రైనింగులో సీటొచ్చింది, సోమవారం సర్టిఫికెట్లు పట్టుకొని భద్రాచలం రమ్మనండి అని జంపయ్య కొట్టుకు ఫోనొచ్చింది. తండా మొత్తానికి అదొక్కటే ఫోను. ఉప్పు ప్యాకెట్టు కోసం పోయిన సంగీతే రిసీవరు అందుకుంది. "చెప్తా సార్" అంది. ఇంటికొచ్చి ఉప్పు డబ్బాలో పోసింది. చెప్పలేదు.

అక్క వెళ్లిపోతే తనకు తలెవరు దువ్వుతారన్నది ఒక బాధ. ఎనిమిదేళ్లు పెద్దదైన ఆ అక్కే తనను చంకనేసుకొని పెంచింది మరి. తను పది తప్పిన ఏడాదే అక్కకు సీటు రావడం ఇంకో బాధ. రెండింట్లో ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ పూట అన్నం ముద్దతో పాటు మాటను కూడా మింగేసింది.

మింగిన మాట ఆ తండాలో ఎవరికీ అరగదు. కడుపులోనే ఉండి అప్పుడప్పుడు పలుకుతుంది. పొట్టకు చెవి ఆనిస్తే వినపడుతుంది. అలా వినడంలో సంగీత నాయనమ్మ రూప్లిని మించినవాళ్లు లేరు. దుమ్ముగూడెం వైపు నుంచి కూడా కడుపుబ్బరం వాళ్లు వచ్చి ఆమె ముందు వెల్లకిలా పడుకునేవాళ్లు.

"ఏం రా దేవ్‌సింగ్, బర్రెకు ఒక కన్ను కనపడదని చెప్పకుంటనే అంటగట్టినవా వానికి?" అనేది చెవి తీయకుండానే. దేవ్‌సింగ్ లేచి, చొక్కా దులుపుకొని, చెప్పాల్సినవాడికి చెప్పడానికి పోయేవాడు. సాయంత్రానికి వాడి కడుపు తేలికపడేది.

సంగీత మాత్రం నాలుగేళ్లుగా బోర్లా పడుకుంటోంది.

ఇప్పుడామెకు పవర్ ప్లాంటు కట్టడానికొచ్చిన చైనా ఇంజనీర్ల మెస్సులో పని. పొద్దున బియ్యం గంజి, పదింటికి కూరగాయలు తరగడం, రెండు దాటాక గిన్నెలు. వంటపెద్ద లియాంగ్. ఆ పేరు నోరు తిరగక పనోళ్లంతా లవంగం తాత అన్నారు. లవంగమంటే ఏమిటో చూపిస్తే ముసలాయన వాసన చూసి మురిసిపోయాడు. ఆయన తెలుగంతా పనోళ్ల దగ్గర నేర్చిందే. అందుకే ఆడా మగా తేడా లేకుండా అందరినీ 'అన్నా' అనేవాడు.

ఆయన గదిలో చిన్న చిన్న సొరుగుల చెక్క పెట్టె ఉండేది. వాళ్ల దేశపు మందులు. ఎండిన కమలా తొక్కలు, వక్కకాయ పీచు, వేయించిన ముల్లంగి గింజలు. సొరుగుల మీది బొమ్మల్లాంటి అక్షరాలను సంగీత నోటుబుక్కులో దించుకునేది. ఏది దేనికి పనికొస్తుందో పక్కన తెలుగులో రాసుకునేది. పది తప్పిన పిల్ల అలా ఎవరూ చెప్పకుండానే సగం పెట్టె చదివేసింది.

కిందటి ఆదివారానికి ముందు ఆదివారం కూసుమంచి నుంచి అక్క ఫోను చేసింది. అక్కడ మిషన్ మీద జాకెట్లు కుట్టి బతుకుతోంది.

"పేపర్ల మళ్ల నర్సు ట్రైనింగు పడ్డదటనే. ఈ శుక్రవారం గాక పై శుక్రవారం ఆఖరు. ఈసారి దాటితే నా వయసు గూడ దాటుతది."

"మరి దరఖాస్తు పెట్టక్కా."

"ఎందుకు పెట్టాలె? ఒకసారి పనికిరావన్నోళ్లు మళ్ల రమ్మంటరా? నా మొఖానికి మిషనే రాసిపెట్టున్నది. గది ఇడిసిపెట్టు గని, నువ్వు తిన్నవా?"

"తిన్న" అంది సంగీత. తినలేదు.

ఆ రోజు నుంచి ఆమె కడుపు కదలడం మానేసింది. తిన్నది తిన్నచోటే ఉండిపోయింది. మూడో రోజుకు సంగతి తెలిసి రూప్లి ఎవరి చేతనో కరక్కాయలు పంపింది. లవంగం తాత వాటిని కాయలు కాయలుగానే ఉడకబెట్టి, ఆ నీళ్లు పూటకో గ్లాసు తాగించాడు. కడుపు ఇంకా బిగుసుకుంది.

పదకొండు రోజులు గడిచాక, గురువారం మధ్యాహ్నం, రూప్లి స్వయంగా బస్సు దిగింది. గేటు దగ్గర సెక్యూరిటీవాణ్ని నాలుగు తిట్టి, అద్దాల గాగ్రా గలగలమనిపిస్తూ నేరుగా మెస్సులోకొచ్చింది.

"ఏమయ్యా లవంగం! నూరి పెట్టుమని కరక్కాయ పంపితే ఉడకబెట్టినవా?"

"అవ్ అన్నా. ఉడకబెట్టిన."

"ఉడకబెడితే కట్టేస్తది. నూరితేనే కదిలిస్తది. మా మేకపిల్లకు గూడ ఎర్కే గది!"

"మా ఊర్ల కట్టనీకే ఇది" అన్నాడు తాత. మాట చాలక, దేన్ని కట్టడానికో పొట్ట పట్టుకొని గదంతా పరుగెత్తి చూపించాడు. రూప్లి నోటికి ఓణీ అడ్డం పెట్టుకొని నవ్వింది. సంగీతకు నవ్వితే నొప్పి, అయినా నవ్వింది.

తర్వాత తాత సంగీత చేతిలోని ఫోను తీసి రూప్లికిచ్చి, ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"సంగీతన్నా, కరక్కాయ కాదు. కడుపుల మాట ఉన్నది. పాతది."

"నాకెర్కలేదా?" అంది రూప్లి. "నాలుగేండ్లాయె ఇది బోర్ల పండబట్టి. అదే తిరిగి పండుతదని చూసిన."

వంగి మనవరాలి పొట్టకు చెవి ఆనించింది. లోపల ఫోను గరగరలు, వాటి వెనక ఎవరో సారు గొంతు. *సోమవారం సర్టిఫికెట్లు పట్టుకొని రమ్మనండి.*

రూప్లి చెవి తీయకుండానే అడిగింది.

"ఉషకా?"

"అవ్ దాదీ."

తిట్టలేదు. చెవి తీసి, ఆ చోటే అరచెయ్యి పెట్టి ఉంచింది.

తాత కషాయం వడగట్టి తెచ్చాడు. కమలా తొక్క వాసన గదంతా కమ్మగా నిండింది.

"రెండు గ్లాసులు. కిందికి తోస్తది. పొద్దుగాల కడుపు సాఫ్. మాట సాఫ్. నీకు యాదుండదు."

"మా తాన గట్ల కాదు" అంది రూప్లి. "లోపలికి వొయిన తోవలనే బయటికి రావాలె."

"పైకి వస్తే నొప్పి, అన్నా."

"నొప్పే మరి. కాదన్ననా?"

సంగీత లేచి కూర్చుని గ్లాసు అందుకుంది. వేడి వేళ్లకు హాయిగా తగిలింది. రెండు గ్లాసులు తాగితే చాలు. రేపటి శుక్రవారం దాటిపోతుంది. ఆ ఫోను ఎత్తిన ఒక్క మనిషీ మరిచిపోతుంది. పొట్టలో విన్న మాటను నాయనమ్మ తనంతట తాను ఎవరికీ చేరవేయదు. అక్క తనను తాను పనికిరానిదాన్నని అనుకుంటూనే ముసలిదవుతుంది. ఆదివారం ఆదివారం ఫోను చేసి, తిన్నవా అని అడుగుతూనే ఉంటుంది. చెబితే, ఇంకెప్పుడూ అడగకపోవచ్చు.

"నువ్వెప్పుడన్న తాగినవా తాతా?"

"తాగిన. ముప్పై ఏండ్ల కింద."

"ఏం మాటది?"

ఆయన సొరుగుల వైపు చూశాడు. ఒకటి తెరిచి, మళ్లీ మూశాడు.

"యాది లేదు" అన్నాడు. "నిద్ర మంచిగ వస్తది. మా కొత్త ఏడాది పండుగ వస్తది. మెస్సుల అందరు ఇంటికి ఫోన్ చేస్తరు. నేను గూడ ఫోన్ పట్టుకుంట. ఎవరికి చెయ్యాలె? తెల్వదు."

కషాయం మీద ఆవిరి తగ్గింది. సంగీత గ్లాసును తాగకుండానే బల్ల మీద పెట్టి, నాయనమ్మ వైపు దాన్ని మెల్లగా జరిపింది. కడుపులో ఏదో మళ్లింది. నాలుగేళ్లుగా ఒకేచోట కూర్చున్నది లేచి, పక్కటెముకల మీదుగా, రొమ్ము మీదుగా, మండుకుంటూ పైకి నడిచింది. గొంతు దగ్గరికొచ్చి ఆగింది.

ఈ వేళప్పుడు తను ఫోను చేస్తే అక్క హడలిపోతుంది. మిషన్ ఆపేసి, ఏమైందే, ఏమైందే అంటుంది. ముందు తనకేం కాలేదని చెప్పాలి. ఆ తర్వాత, అక్క మళ్లీ తిండి సంగతి ఎత్తకముందే, రెండో మాటగా అసలు మాట చెప్పేయాలి. తిడితే పడాలి. ఫోను పెట్టేస్తే మళ్లీ చెయ్యాలి, రేపు అక్క ఆ దరఖాస్తు పెట్టేదాకా.

సంగీత చెయ్యి చాపింది.

"నా ఫోనియ్యి దాదీ."