తాడు రైలు శకునం

ఆదోని పక్కన కొండ నెత్తినున్న రాళ్లకొట్టాల ఊరికి తాడు రైలు ఎవరి వల్ల వచ్చిందంటే హులిగమ్మ వల్లేనని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆ రైలెక్కకూడని మనిషి ఎవరంటే, అదీ హులిగమ్మే.

మొగుడు పోయినప్పటి నుంచి ఆమె బొరుగులు తాలింపేసి చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్ముకుని బతుకుతోంది. బొరుగుల మూట, నూనె డబ్బా నెత్తిన పెట్టుకుని రోజూ మెట్లెక్కీ ఎక్కీ మోకాళ్లు అరిగిపోయాయి. కొండకు రైలు వేయమని, వచ్చిన ప్రతి ఆఫీసరు జీపుకూ అడ్డం కూర్చుంది. చివరికి రైలొచ్చింది. ఒకే తాడుకు రెండు పెట్టెలు. ఒకటి ఎక్కుతుంటే ఇంకొకటి దిగుతుంది, సగం కొండలో రెండూ ఎదురుపడతాయి.

కొంప మునిగింది అక్కడే. మంచి పనికి పోయేవాళ్లకు మొగుడు పోయిన ఆడది ఎదురు రాకూడదు కదా! మెట్ల మీదైతే పక్కకు తప్పుకునేది పాపం, పట్టాల మీద ఎటు తప్పుకుంటుంది? పెద్దమనిషి మాదన్న రచ్చకట్ట మీద తీర్పు చెప్పాడు: పైనుంచి మంచి పనికి ఎవరూ దిగనప్పుడే హులిగమ్మ ఎక్కాలి. బాగానే ఉంది. కానీ ఆ రోజు నుంచి ఊళ్లో చెడ్డ పనికి దిగినవాడు ఒక్కడూ లేడు. బీడీకట్టకు పోయేవాడిదీ మంచి పనే. హులిగమ్మ మెట్లే ఎక్కింది. మోకాళ్ల నొప్పికి కాదు, జీపుల ముందు తిన్న దుమ్ము గుర్తొచ్చి ఏడుపొచ్చేది.

ఒక పొద్దున మోకాలు బూరెలా పొంగింది. ఇక తన వల్ల కాక కింది స్టేషన్లో పెట్టె ఎక్కేసింది. ఊరి కట్టుబాట్లతో తనకు పని లేదని, టికెట్టున్న మనిషిని దించలేనని రైలు నడిపే యేసేపు తలుపేశాడు. కూర్చుని పైకి పోవడం ఇంత సుఖమా అని ఆమెకు నవ్వొచ్చింది.

సగం కొండలో కరెంటు పోయింది.

చేయి చాస్తే అందేంత దగ్గర, ఎదురు పెట్టెలో మాదన్న! కొడుక్కి ఎమ్మిగనూరులో పిల్లను చూడ్డానికి బలగంతో దిగుతున్నాడు. మొహం తిప్పుకున్నాడు గానీ ఎంతసేపని తిప్పుకుంటాడు? ఎండెక్కింది. పిల్లలు ఆకలని ఏడ్చారు. హులిగమ్మ చూస్తూ ఉండలేక మూట విప్పి కిటికీలోంచి బొరుగులందించింది, నీళ్ల సీసా ఇచ్చింది. మొదట పిల్లలు తిన్నారు, తర్వాత ఆడవాళ్లు, ఆఖరికి మాదన్న. కరెంటొచ్చేసరికి మూట ఖాళీ.

సాయంత్రానికి సంబంధం ఖాయమైంది. ఇక తన దోషం పోయినట్టేనని హులిగమ్మ సంబరపడింది. మాదన్న ఒప్పుకుంటేగా! శకునం చెడినప్పుడు కాసేపు కూర్చుని నీళ్లు తాగి బయలుదేరితే సరిపోతుందని, తాము చేసిందదేనని, కట్టుబాటు కట్టుబాటేనని మర్నాడు రచ్చకట్ట మీద చెప్పాడు. జనం తలలూపారు. ఆ నీళ్లెవరివని ఒక్కరూ అడగలేదు.

హులిగమ్మకు ఒళ్లు మండింది. కుంటుకుంటూ అందరి ముందుకొచ్చింది.

"నన్ను సూసినాక నీకు సంబంధం కుదిరింది. నిన్ను సూసినాక నా బొరుగులు పాయె, నిన్నంతా నా పొయ్యి ఎలగలే. ఎవురిదప్పా చెడ్డ ఎదురు? ఇంగ మింద నేనెక్కేటప్పుడు నువ్వు దిగొద్దు."

జనం మళ్లీ తలలూపారు. కాదంటే తమ శకునాలన్నీ అబద్ధమని ఒప్పుకోవాలి.

అప్పటి నుంచి మాదన్న కొండ దిగాలంటే, హులిగమ్మ ఏ వేళకు రైలెక్కుతుందో కనుక్కురమ్మని ముందుగా మనిషిని పంపుతాడు.

"ఇంగా అనుకోలేదప్పా," అని చెప్పి పంపుతుంది ఆమె.