ఆగిపోయిందని చెప్పిన సైటు

ఆమెది వార్తలు ఏరే ఉద్యోగం. ఒక బీమా కంపెనీలో, లిఫ్టు పక్కనున్న ఇరుకు గదిలో, పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని ఎక్కడ గోడౌను తగలబడింది, ఎక్కడ వంతెన కూలింది, ఏ రేవులో సరుకు తడిసింది అని చూసేది. ఒక్కో వెబ్‌సైటుకీ వెళ్ళి తలుపు తట్టే పని లేదు. వందలాది సైట్ల ఫీడ్లను ఒకే చోట చేర్చిపెట్టుకుంది. ఎవరు కొత్తగా ఏం రాసినా అది దానంతటదే వచ్చి ఆమె తెర మీద వరసలో కూర్చునేది. అందులో పనికొచ్చేవి ఉంచి, మిగతావి తీసిపారేసి, పై అధికారి వచ్చేసరికి ఆయనకు పంపాలి.

"నువ్వు ఏరితే పంటికి రాయి తగలదమ్మా" అనేవాడాయన. ఆ మాటంటే ఆమెకు లోలోపల భలే గర్వం.

తల్లి పోయి, తండ్రికి గుండె నొప్పి వచ్చాక ఆయన్ని తన ఇంటికి తెచ్చుకుంది. ఆయన రైలింజన్ డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఇంజను రొద ఆయన చెవుల్ని ఏనాడో తినేసింది. చెవి మిషను పెట్టుకుంటే గిన్నె కిందపడినా పిడుగు పడ్డట్టుందని తీసి డ్రాయరులో పడేశాడు. ఫోనులో ఎవరు మాట్లాడినా "ఆఁ? ఆఁ?" అనడమే తప్ప ఒక్క ముక్క అందేది కాదు. టీవీలో మనుషులు ఊరికే నోళ్ళు ఆడిస్తున్నట్టుండేది. ఎదురుగా కూర్చుని పెదాల కదలిక కనిపించేలా గట్టిగా చెబితేనే అర్థమయ్యేది. పగలంతా కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయే వాహనాలు లెక్కపెట్టుకుంటున్న తండ్రిని చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది.

ఒక ఆదివారం పాత టాబ్లెట్ దుమ్ము దులిపి, అందులో ఆయన కోసం ఫీడ్లు పెట్టింది. రైళ్ళ వార్తలు, వాతావరణం, చదరంగం ఆట, వదిలొచ్చిన ఊరి పేపరు. ఎలా చూడాలో చేయి పట్టుకుని చూపించింది.

"అంటే అన్ని బళ్ళూ మన ప్లాట్‌ఫారం మీదికే వస్తాయన్నమాట!" అని ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. వెంటనే, "మా వాళ్ళది కూడా పెట్టమ్మడూ" అన్నాడు.

మా వాళ్ళది అంటే రిటైరైన రైల్వే వాళ్ళ సంఘం సైటు. ఆయనతో పనిచేసిన గార్డొకాయన దాన్ని నడిపేవాడు. ఎవరికి మనవరాలు పుట్టింది, ఎవరు ఇల్లు మారారు, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారు, ఎవరు పోయారు, అన్నీ అందులో రాసేవాడు. తండ్రి ఊరు వదిలి వచ్చేటప్పుడు కూడా అందరికీ అదే చెప్పొచ్చాడు: "నాకు ఫోన్లు చెయ్యకండి, దండగ. సైటులో రాయండి. నేను రోజూ చూస్తుంటాను."

ఇక ఆయనకు పొద్దుపోకపోవడమన్న మాట లేదు. అందరికంటే ముందు లేచి వరసంతా చదివి, కాఫీ వేళకు కూతురికీ అల్లుడికీ వార్తలన్నీ వినిపించేవాడు. తనకు వినబడదు కనక పక్కింటికి కూడా వినబడేలా చెప్పేవాడు. సంఘం సైటులో మాత్రం ముందు ఒకే మనిషి కోసం వెతికేవాడు. ఆ మనిషి ఈలబావ.

ఈలబావ ఆయన దగ్గర అసిస్టెంటుగా ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. కునుకు పట్టకుండా ఇంజనులో ఈల వేస్తూ ఉండేవాడని ఆ పేరు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనుకునేవాళ్ళు. ఆమెకు ఆయన మావయ్య. చిన్నప్పుడు సైకిల్ నేర్పినవాడు.

అయితే ఆ సైటులో పుట్టుకల కంటే చావులే ఎక్కువ. ఎవరో ఒకరు పోయారని చదివిన రోజు తండ్రి ముద్ద ముట్టేవాడు కాదు. ఒకరోజు తన తోటి డ్రైవరు పోయాడన్న వార్త చదివి, టాబ్లెట్ పక్కన పెట్టేశాడు. సాయంత్రానికి ఛాతీ పట్టుకున్నాడు. ఆసుపత్రిలో రెండు రోజులుంచి పంపిస్తూ, "ఈయనకి మనసు కష్టపెట్టే విషయాలు దూరంగా ఉంచండి" అన్నాడు డాక్టరు.

ఇంటికి తెచ్చిన మధ్యాహ్నం, తండ్రి నిద్రపోతుండగా ఆమె టాబ్లెట్ చేతిలోకి తీసుకుంది. సంఘం సైటు పేరు మీద వేలు నొక్కి పట్టుకుంది. తీసేయమంటావా అని అడిగింది అది. తీసెయ్యమంది. ఆఫీసులో రోజూ చేసే పనే.

భర్త చూస్తూనే ఉన్నాడు. "తీస్తే తీశావు, ఆయనకి చెప్పు" అన్నాడు.

"చెబితే ఊరుకుంటారా? కాస్త కోలుకోనీ. నేను నా ఆఫీసు కంప్యూటరులో పెట్టుకుంటాలే. అవసరమైంది ఉంటే నేనే చెబుతాను."

"నీ ఇష్టం. ఆ సైటు మాత్రం ఆయనది."

ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండింది. ఆయన ఎవరికి నాన్న అని విసురుగా అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పది రోజులు పోయాక తండ్రి అడగనే అడిగాడు. "అమ్మడూ, మా వాళ్ళ సైటులో ఏమీ రావట్లేదేంటి?"

అబద్ధం మెల్లగా చెప్పే వీలు కూడా లేదు. ఆయన ఎదురుగా నిలబడి, గొంతెత్తి అరిచి చెప్పాల్సి వచ్చింది. "సైటు ఆగిపోయింది నాన్నా!"

"ఆగిపోయిందా? అయ్యో, గార్డుకి చూపు మందగించిందేమో పాపం" అన్నాడాయన. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "అయితే ఎండలు తగ్గాక ఒకసారి వెళ్ళొద్దామా? బావని చూసి చాలా కాలమైంది."

"వెళ్దాం నాన్నా. ఆఫీసు హడావిడి తగ్గనీ."

తండ్రి తేరుకున్నాడు. తిండి సయించింది, నిద్ర పట్టింది. తను చేసింది మంచిపనేనని ఆమె నమ్మింది. మొదట్లో సంఘం సైటు ఫీడును తన ఆఫీసు కంప్యూటరులో వారం వారం చూసేది కూడా. ఎవరికో పెళ్ళిరోజని ఉంటే తండ్రికి ఫలానావాళ్ళు చెప్పారన్నట్టు చెప్పేది. ఇంతలో వానలు ముంచెత్తాయి. ఎక్కడ చూసినా మునిగిన ఫ్యాక్టరీలే, కొట్టుకుపోయిన లారీలే. చదవనివి వేలల్లో పేరుకున్నాయి. ఒక సాయంత్రం కళ్ళు మండిపోతుంటే, సంఘం సైటుతో సహా ఆఫీసు పనికి సంబంధం లేనివన్నీ ఒక్కచోటికి చేర్చి, 'అన్నీ చదివినట్టే' అన్న మీట నొక్కేసింది. తెర ఖాళీ అయింది. హమ్మయ్య అనుకుని ఇంటికి వెళ్ళింది.

చలి వచ్చింది, పోయింది. ఆఫీసు హడావిడి మాత్రం తగ్గలేదు.

తండ్రిని పరీక్షలకు తీసుకెళ్ళిన రోజు, ఆసుపత్రి వరండాలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ముసలాయన ఒకడు వీళ్ళ వంక అదేపనిగా చూసి, లేచి గబగబా వచ్చాడు. ఆ గార్డే. కంటి ఆపరేషను కోసం కొడుకు దగ్గరికి వచ్చాడట.

"డ్రైవరూ! ఏమైపోయావయ్యా?" అంటూ తండ్రి భుజాలు పట్టుకుని ఊపేశాడు. తండ్రి ముఖం వెలిగిపోయింది. గార్డు ముఖం మాత్రం చూస్తుండగానే మారిపోయింది. "ఒక్కసారి రావాల్సిందయ్యా. ఈలబావ నీకోసం ఎంత ఎదురుచూశాడో."

తండ్రి ఆయన పెదాల వంక చూస్తూ, "బావకేమైంది?" అన్నాడు.

"అయ్యో, తెలియదా? పోయాడయ్యా. వానల రోజుల్లో మంచాన పడ్డాడు, చలికాలంలో పోయాడు. డ్రైవరుని ఒకసారి రమ్మని రాయవోయ్ అని నా ప్రాణం తోడేశాడు. ఒకసారి కాదు, ఎన్నిసార్లో రాశాను. నీ పాత నంబరు మోగదు, అడ్రసు ఎవరి దగ్గరా లేదు. సైటు చూస్తానన్నావు కదాని..."

"సైటు ఆగిపోయింది కదా?" అన్నాడు తండ్రి.

"ఆగిపోవడమేంటి? ఇవాళ పొద్దున కూడా రాశాను!"

తండ్రి తల తిప్పి కూతురి వంక చూశాడు. ఆమె చేతిలోని ఆసుపత్రి కాగితాల్లోకి తల దించుకుంది. అది ఆయనకు స్పష్టంగానే అర్థమైనట్టుంది. మళ్ళీ గార్డు వైపు తిరిగాడు.

"నాకే సరిగ్గా చూడ్డం చేతకాలేదు గార్డు గారూ. ఏదో నొక్కి పోగొట్టుకున్నాను. ముసలితనం కదా" అన్నాడు.

అంతమందిలో ఆయన తిట్టినా బాగుండేదనుకుంది ఆమె.

ఇంటికి వచ్చాక ఆయన ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. డాక్టరు మాట, ఫీడు తీసెయ్యడం, తనే చూస్తాననుకోవడం, చివరికి చదవకుండానే చదివినట్టు నొక్కెయ్యడం. అరిచి చెబుతుంటే ఏడుపూ మాటా కలిసిపోయి, కొన్ని ముక్కలు రెండేసి సార్లు చెప్పాల్సి వచ్చింది.

అంతా విని ఆయన, ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో అన్నాడు. "ఎర్రదీపం చూస్తే డ్రైవరు కంగారు పడతాడని దీపం ఆర్పేస్తారా అమ్మడూ?"

ఆయనే మళ్ళీ అడిగాడు.

"బావని ఇక చూడలేను కానీ, రేపు చెల్లెమ్మనైనా చూడొచ్చు. తీసుకెళ్తావా?"

ఆఫీసు హడావిడి మర్నాడు కూడా ఉంది. సెలవు పెట్టింది.

ఈలబావ ఇల్లు రైలు పట్టాల పక్కనే. ముందుగదిలో కిటికీకి ఆనించి మంచం, దాని పక్కన కుర్చీ. తలుపు తీసిన అత్తయ్య, ఈలబావ భార్య, తండ్రిని చూసి, "ఇప్పటికి వచ్చావా అన్నయ్యా" అంది. నిష్ఠూరం కాదు, అలిసిపోయిన గొంతు. ఆ కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

తండ్రి ఆ ఖాళీ మంచం దుప్పటి మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. బయట బండి వెళ్తుంటే నేల అదిరింది. చప్పుడు వినబడకపోయినా ఆ అదురుకి తల ఎత్తి, ఏ బండో గుర్తుపట్టినట్టు తల ఊపాడు.

ఆమె అత్తయ్య వెనకే వంటింట్లోకి వెళ్ళింది. "అత్తయ్యా, నాన్న తప్పేం లేదు. నేనే ఆయనకి కనబడకుండా చేశాను" అని మొత్తం చెప్పేసింది.

అత్తయ్య పొయ్యి కట్టేసి, ఇటు తిరిగింది.

"గార్డు రాసిన ప్రతిసారీ మీ మావయ్య నాచేత పైకి చదివించుకునేవాడు. బావ రోజూ చూస్తానన్నాడు, రేపో ఎల్లుండో వస్తాడు అనేవాడు. తలుపు చప్పుడైతే చాలు, తల తిప్పి చూసేవాడు. చివర్లో మాత్రం అడగడం మానేశాడు. 'చదువుతూనే ఉండుంటాడే. రావాలనిపించలేదేమో' అన్నాడు. ఆ ఒక్క మాటే..." అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నన్ను క్షమించండి అత్తయ్యా."

"నాదేముందమ్మా. నువ్వు చెప్పావు, నేను విన్నాను. పోయిన మనిషికి ఎవరు చెబుతారు?"

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉండుంటే ఆమె ఎలాగో మోయగలిగేది. 'రావాలనిపించలేదేమో' అని మావయ్య అన్నాడని తండ్రికి చెప్పాలా వద్దా అని రైల్లో వస్తున్నంతసేపూ కొట్టుకులాడింది. ఆఖరికి చెప్పింది. ఏది వినాలో ఏది వినకూడదో తను తేల్చడం ఇక చాలనుకుంది. ఆయన విని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. దిగేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు.

ఆ వారంలోనే తండ్రి టాబ్లెట్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నువ్వు పెట్టొద్దు. ఎలా పెట్టాలో చెప్పు. నేను పెట్టుకుంటాను" అన్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ సంఘం సైటు అడ్రసు కొట్టాడు. పాతవన్నీ వరసగా వచ్చాయి. తనను రమ్మన్నవన్నీ ఒకటొకటిగా తెరిచి చదివాడు. ఆమె లేచి వెళ్ళబోతే, కూర్చోమని సైగ చేశాడు. ఇద్దరూ కలిసి చదివారు.

గుండెకు ఏమీ కాలేదు. ఆయన ముద్ద మానలేదు కూడా. కొన్నాళ్ళకు ఈలబావ గురించి తనే నాలుగు పేరాలు రాసి గార్డుకు పంపించాడు. అది ఆఫీసులో, అగ్నిప్రమాదాల మధ్య, ఆమె తెర మీదికి వచ్చింది. ఈల గురించీ ఆమెకు సైకిల్ నేర్పడం గురించీ రాసి, చివర్న, 'నాకు తెలియక రాలేకపోయాను బావా' అని రాశాడు. ఎందుకు తెలియలేదో రాయలేదు. ఆమె మెట్ల మీదికి వెళ్ళి, ముఖం కడుక్కునేదాకా ఎవరికీ కనిపించలేదు.

ఆ తర్వాత ఇంట్లో అంతా మామూలే. ఆయన ఆమె మీద ఎన్నడూ కేక వెయ్యలేదు. ఎవరి ముందూ ఆ ఊసు ఎత్తలేదు. కాకపోతే, ఇప్పుడు ఆమె ఏదైనా చెప్పినప్పుడు, అది వాన పడుతుందన్న మాటైనా సరే, పెదాలు చదవడం అయిపోయాక కూడా ఆయన చూపు ఇంకో క్షణం ఆమె ముఖం మీదే ఆగుతుంది. తర్వాతే తల ఊపుతాడు.