కాలిన కడ్డీ, ఇద్దరు బావలు

రాణి గుమ్మంలోనే కూలబడింది. ఒక చంకలో పిల్ల, దవడ మీద వాపు, చిట్లిన పెదవి. "ఏటైనాదమ్మా?" అని ఆమె అన్న గురునాథరావు అడిగాడు. ఊడిన పన్నును అరచేతిలోకి ఉమ్మి చూపించింది.

అతను అన్నం ముందు నుంచి లేచిపోయాడు. కంచరపాలెం నుంచి ఇనుప కడ్డీల మిల్లు దాకా బండి ఎలా నడిపాడో అతనికే తెలీదు.

గేటు బయట టీ కొట్టు దగ్గర రాణి మొగుడు అర్జునరావు సిగరెట్టు కాలుస్తూ కనిపించాడు. గురునాథరావు బండి దిగి నేరుగా అతని మీదకి పోయాడు. జుట్టు పట్టుకుని మొహాన్ని కొట్టు చెక్కకేసి బాదాడు. గ్లాసులు పగిలాయి. కిందపడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు.

"నా పెళ్ళాం! నా ఇష్టం!" అంటూ అర్జునరావు గాజుపెంకు అందుకుని అతని ముంజేతిని చీరేశాడు.

మేస్త్రీ దొరబాబు, మరో ఇద్దరూ వచ్చి విడదీశారు. అర్జునరావు ముక్కులోంచి రక్తం కారి చొక్కా తడిసింది. "లోన సూసుకుందాం బావా," అన్నాడు నవ్వుతూ. "కొలిమి కాడ సూసుకుందాం."

ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే మెషీను. అర్జునరావును పనిలో పెట్టించింది గురునాథరావే. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప దిమ్మ రోలర్ల మధ్య నలిగి కడ్డీగా సాగి దూసుకొస్తుంది. ఆ రోలర్లు బిగించడం, వేగం చూడటం, తేడా వస్తే ఆపడం ఆపరేటరు గురునాథరావు పని. వచ్చే కడ్డీ మూతిని పటకారుతో పట్టి, తిప్పి, పక్క రోలర్లలోకి తోయడం అర్జునరావు పని. ఇద్దరి మధ్య నాలుగడుగులు కూడా ఉండవు.

"ఈడి సేతికి ఈయాల పటకారు ఇవ్వకు," అన్నాడు గురునాథరావు మేస్త్రీతో, ముంజేతికి గుడ్డ చుట్టుకుంటూ.

"మరెవులున్నార్రా? కొలిమిలో సరుకు కాలిపోతంది. మీ ఇంటి గొడవలు గేటు బయట ఎట్టుకోండి."

మోటారు తిరిగింది. మొదటి కడ్డీలు మామూలుగానే వెళ్ళాయి. అర్జునరావు వంగి పట్టడం, తిప్పడం, తోయడం. తోసిన ప్రతిసారీ తలెత్తి బావ వైపు చూస్తున్నాడు. గురునాథరావు కళ్ళు కడ్డీ మీద కాక ఆ చేతుల మీదే ఉన్నాయి.

తర్వాతి కడ్డీ రోలర్లలోంచి బుసకొడుతూ వచ్చింది. అర్జునరావు మూతి పట్టాడు. పక్క రోలర్ల వైపు తిప్పలేదు. నడుము మెలితిప్పి, ఎర్రటి మొనను గురునాథరావు గుండెకేసి విసిరాడు.

గురునాథరావు తప్పుకోబోయి కింద పడిపోయాడు. చెవి పక్క నుంచి సెగ పోయింది, జుట్టు మాడిన వాసన. కడ్డీ వెనకున్న ఇనుప స్తంభానికి గుద్దుకుని ఆగింది. మొన ఆగినా వెనక రోలర్లు తోస్తూనే ఉన్నాయి. పోవడానికి దారిలేని కడ్డీ గాల్లోకి లేచి, మెలికలు తిరిగి, అర్జునరావు కుడికాలిని తొడ నుంచి పిక్క దాకా చుట్టేసింది.

ఆ అరుపు మోటారు చప్పుడును మించి వినిపించింది. ప్యాంటు భగ్గున అంటుకుంది.

గురునాథరావు పాకుతూ పోయి మెషీను ఆపే ఎర్ర బటన్ గుద్దాడు. రోలర్లు వెంటనే ఆగవు. కడ్డీ ఇంకా వస్తూనే ఉంది, చుట్టు బిగుస్తూనే ఉంది. కిందపడ్డ పటకారు తీసి చుట్టును పట్టి లాగాడు. జారిపోయింది. పటకారు పారేసి తోలు తొడుగుల చేతులతోనే పట్టుకున్నాడు. తోలు కాలింది, లోపలి చర్మం కాలింది. అతనూ అరుస్తూ, చుట్టు విప్పి బావను బయటకి ఈడ్చాడు.

ఆసుపత్రిలో అర్జునరావు కాలు తొడ దగ్గరికి తీసేశారు.

పోలీసు వస్తే గురునాథరావు ఏదీ దాచలేదు. "టీ కొట్టు కాడ ముందు నాను కొట్టినాను. కడ్డీ ఆడు నా మీదకి ఇసిరినాడు," అని చెప్పాడు. దొరబాబు మాత్రం, అటు తిరిగి ఉన్నానని, ఏమీ చూడలేదని చెప్పాడు.

మర్నాడు రాణిని తీసుకుని వార్డుకి వెళ్ళాడు. రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. అర్జునరావు పైకప్పు చూస్తూనే అడిగాడు.

"నిన్ను సంపేద్దామనే ఇసిరినాను. మరెందుకు లాగినావ్ బావా?"

"ఏటో. సేతులు ఆటికవే ఎలిపోనాయి."

రాణి మంచం దగ్గరికొచ్చింది. "నా మీదకీ నీ సేతులు అలగే ఎలిపోతన్నాయేటి మావా?" అంది నెమ్మదిగా.

అర్జునరావు మొహం తిప్పుకున్నాడు. మంచం పక్కన కూర్చున్న అతని తల్లి అప్పాయమ్మ రాణి కొంగు పట్టుకుంది. "కాలు లేనోణ్ణి ఒగ్గేసి ఎలిపోతావేటే?"

"కాలున్నప్పుడే ఒగ్గేయాల్సింది అత్తా."

కొంగు విడిపించుకుంది. వార్డు తలుపును గురునాథరావు భుజంతో తోయబోతే, ముందుకొచ్చి తనే తెరిచింది. బయట బల్ల మీద అన్నని కూర్చోబెట్టి, నీళ్ళ సీసా మూత తీసి నోటికి అందించింది. అతను తాగుతూ ఏడ్చాడు. ఆమె ఏడవలేదు.